ఎండ తగలని చామంతి

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం కరుణమ్మ. ఎనభైల మొదట్లో అమెరికాలోని క్యారీ ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు క్రైస్తవ కుటుంబాలకూ ఆ సంగతి తెలుసు. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమె చూసి సరేనన్నదాన్ని ఇంకొకరు చూడక్కర్లేదనేవారు. ఆ పట్టుదలే ఇంట్లోనూ.

భర్త అబ్రహాం పోయిన తర్వాత వచ్చిన వసంతంలో నర్సరీ నుంచి ఒక డైసీ పొద తెచ్చింది. పసుపు పూలు, అచ్చం చామంతులే. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు వాళ్ల సొంతూరు బాపట్లలో సమాధులకు సున్నం వేసి, పెరటి చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొన్న పూలు పెట్టడం వాళ్ల ఇంటా వంటా లేదు. అబ్రహాంకి తన చేత్తో పెంచిన పూలే పెట్టాలని కరుణమ్మ పంతం.

ఆ పొదను ఇంటి వెనక పైన్ చెట్టు నీడన నాటింది. బాపట్లలో లేత మొక్కకు తాటాకు అడ్డం పెట్టకపోతే మధ్యాహ్నానికి మాడిపోతుంది. ఇక్కడ తాటాకు ఎక్కడిది? పాత వాయిల్ చీర చింపి పందిరి కట్టింది. మొక్క బతికింది, అంతే. సన్నగా, పాలిపోయి, వెలుతురు కోసం పక్కకు సాగింది. సెప్టెంబరు దాటినా మొగ్గ లేదు. ఎరువు వేసింది, ప్రార్థన చేసింది. చీర మాత్రం తియ్యలేదు.

అక్టోబరులో ప్రార్థన కూటం ఆ నాలుగిళ్లలో ఒకటైన ప్రేమజ్యోతి ఇంట్లో పెట్టారు. కారు దిగుతూనే కరుణమ్మ ఆగిపోయింది. డ్రైవ్‌వే పక్కన, నీడన్నది ఎరగని చోట, అదే రకం పొద. ఆకు కనబడకుండా పూసింది. ఏం వేశావని అడిగితే, నాటాక దాని మొహమే చూడలేదంది ప్రేమజ్యోతి.

"దానికి ఎండే తిండి వదినా. నీడలో పెడితే పస్తు పెట్టినట్టే. పండక్కి ఈ పూలు కోసుకెళ్లండి."

కరుణమ్మ వద్దంది. ఆ రోజు ప్రార్థనలో ఒక్క మాట ఆమె చెవికెక్కలేదు. కిందటేడు ఇవే రోజుల్లో, జబ్బుతో చిక్కిపోయిన అబ్రహాం వెనక మెట్ల మీద కూర్చుంటానని రోజూ అడిగేవాడు.

"చలేస్తందే కరుణా. కాసేపు ఎండలో కూర్చోనీ."

వడదెబ్బ తగులుతుందని ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేది, కర్టెన్లు లాగేది. ఈ దేశంలో అక్టోబరులో వడదెబ్బేమిటని ఆయన అనలేదు. ఆమెతో వాదించి గెలిచిందెవరు గనక? ఎండ ఆయన్ని బతికించేది కాదు, అది ఆమెకూ తెలుసు. కానీ ఆ నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇంటికొచ్చి చీర పీకేసింది. మొక్కను కుండీలోకి మార్చి మెట్ల మీద ఎండలో పెట్టింది. మొగ్గలైతే గింజలంత వచ్చాయి గానీ పండుగకు ఒక్కటీ విచ్చుకోలేదు.

ఆ రోజు పూలు లేని ఆ కుండీనే సమాధి దగ్గరికి మోసుకెళ్లింది. చుట్టూ ఒక్క చెట్టు లేదు. కొవ్వొత్తులు వెలిగించి తక్కినవాళ్లు కార్ల దగ్గరికి వెళ్లిపోయారు. కరుణమ్మ మాత్రం నెత్తి మీద కొంగు తీసేసి, ఆ రాతి పక్కనే ఎండలో కూర్చుంది.

"ఏవండీ," అంది. "ఇవాళ లోపలికి రమ్మనన్లెండి."