పైకి కనిపించని రంగు

కాక చనిపోయాడని మొన్న శుక్రవారం ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆరు నెలల క్రితమే కాక దుబాయ్ ఖలాస్ అని కరీంనగర్ దగ్గరి సొంతూరికి వెళ్ళిపోయాడు. కాక అంటే బాబాయే గానీ, నాకు రక్తసంబంధం ఏమీ లేదు. దుబాయ్ దగ్గరి సజ్జాలో, పెంపుడు పాముల్ని జత కట్టించి పిల్లల్ని అమ్మే షెడ్డులో నాకు పని నేర్పిన మనిషి.

పాము అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. ఊరి అలవాటు, పురుగు అనేవాడు. డబ్బాల మీదేమో బనానా, క్లౌన్ అని రంగును బట్టి పేర్లు. "ఊర్ల పురుగంటేనే ఉరుకుతం. ఈడ అరటిపండని పేరు పెట్టి మురుస్తరు" అని నవ్వేవాడు. ఏ పిల్ల ఏ రకమో డబ్బా మీద అంటించే చీటీ రాసేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

ఎందుకో చెప్తాను. తెలుపు పసుపు కలిసిన అల్బినో తండ్రికీ, మామూలు గోధుమరంగు తల్లికీ పుట్టిన పిల్లలన్నీ గోధుమరంగులోనే ఉంటాయి. తండ్రి రంగు లోపల దాగుంటుంది. వాటిని మా పనిలో హెట్ అంటారు. పెద్దయ్యాక రెండు హెట్‌లను జత కట్టిస్తే అల్బినో పిల్ల పుట్టొచ్చు, అందుకే వాటికి ధర ఎక్కువ. కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏ తల్లి గుడ్డులోంచి వచ్చిందో రాసి పెట్టుకోవాల్సిందే.

కరోనా సద్దుమణిగిన ఏడాది, డబ్బాలు కడుగుతూ నేను హెట్ పిల్లల్నీ మామూలు పిల్లల్నీ ఒకే తొట్టిలో వేసేశాను. భయపడి అందాజుగా చీటీలు అంటించాను. రెండు రోజులు దాచాను. చివరికి కాకకు చెప్పాను. ఆయన తిట్టలేదు, చీటీలన్నీ పీకేశాడు.

"తప్పు నువ్వు జేసినవ్, ముదీర్‌కు నువ్వే చెప్పాలె. నేను పక్కన నిలబడ్త."

ముదీర్ అంటే షెడ్డు నడిపే మేనేజర్, వినగానే మండిపడ్డాడు. ఎవరికి తెలుస్తుందిలే, అన్నిటికీ హెట్ అనే రాయమన్నాడు. "కిస్కో మాలూమ్ పడేగా?"

"తీన్ సాల్ బాద్ పడేగా సాబ్" అన్నాడు కాక.

మూడేళ్ళ తర్వాత ఎలా తెలుస్తుందో బయటికొచ్చాక నాకు విడమర్చాడు. "కొన్నోడు మూడేండ్లు సాకి, జత గట్టించి, గుడ్లు పగిలేదాక ఎదురు చూస్తడు బిడ్డా. అది హెట్ కాకుంటే అల్బినో పిల్ల ఎన్నటికీ రాదు. వాని మూడేండ్లు మనం తిన్నట్టే గదా."

కాక అన్నిటికీ మామూలు అనే రాశాడు. దాంతో ముదీర్ ఆయన సెలవు ఆపేశాడు. నా తప్పుకి ఆయన ఆ ఏడాది ఇంటి మొహం చూడలేదు. ఒక్కనాడూ దెప్పలేదు. నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

చీటీలు రాసే పని ఇప్పుడు నాది. నిన్న రాస్ అల్ ఖైమా నుంచి ఎనిమిది గోధుమరంగు పిల్లలు వచ్చాయి. తల్లెవరో తండ్రెవరో కాగితం లేదు.

"సబ్ హెట్ లిఖో, యల్లా" అని, అన్నిటికీ హెట్ రాసెయ్యమని తొందరపెట్టాడు ముదీర్.

"నహీ లిఖూంగా సాబ్." రాయనని చెప్పేశాను.

"తేరా వీసా అగ్లే మహీనే హై, యాద్ హై నా?"

"యాద్ హై సాబ్."

వచ్చే నెల నా వీసా పొడిగించాల్సింది ఆయనే, అయినా మాట మార్చలేదు. తల్లిదండ్రులెవరో తెలియదని ఎనిమిది చీటీల మీదా రాసి అంటించాను. ముదీర్ చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నాడు. ఆఖరి డబ్బాలో ముద్దగా చుట్టుకున్న పిల్ల మెల్లగా తల బయటికి తీసి, ఇంకా సిరా ఆరని చీటీ వైపు నాలుక చాపింది.