ఆ రోజు బడికి రావద్దన్న పిల్లలు

మొన్న ఏదో పని మీద మంచిర్యాల వెళ్లి వస్తూ గోదావరిఖని చౌరస్తాలో ఆటో దిగితే, ఎదురుగా మనిషి ఎత్తుకు మించిన ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. కరోనా నాటి నష్టం నుంచి మన సర్కారు బడులన్నీ పూర్తిగా కోలుకున్నాయని, పట్టణంలో ఏ వాడకు వెళ్లినా చదవలేని పిల్లలే లేరని పెద్ద అక్షరాల్లో రాసి, కింద నవ్వుతున్న పిల్లల ఫొటోలు వేశారు. ఉద్యోగమంతా పంతులమ్మగానే గడిపినదాన్ని, అందరికన్నా ముందు నేనే సంతోషించాలి. కానీ నాకు కలిగింది సంతోషం కాదు, ఈ ఫొటోల్లో లేని పిల్లలు ఎక్కడున్నారో అన్న అనుమానం. ఆ అనుమానం ఎప్పుడు, ఎక్కడ నాలో పడిందో నాకు బాగా గుర్తు.

బడులు తిరిగి తెరిచిన ఏడాది, ఈమె రిటైరయ్యే మనిషే కదా అనుకున్నారో ఏమో, నన్ను తరగతి నుంచి తప్పించి, వాడవాడా తిరిగి పిల్లల చేత చదివించి, ఎక్కడి పిల్లలు ఎంతవరకు కోలుకున్నారో చెప్పే పని అప్పగించారు. బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్ల దగ్గరి బడుల్లో పరిస్థితి ఫర్వాలేదు. ఇంట్లో ఫోను ఉండేది, పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తల్లో అక్కో ఉండేది. కమాన్‌పూర్ వైపు, బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గని అంచున, కాంట్రాక్టు కూలీల గుడిసెల మధ్య ఉన్న చిన్న బడిలో మాత్రం అలా లేదు. నాలుగో తరగతి పిల్లలు అక్షరాలే మరిచిపోయారు. రెండు జడల పిల్ల ఒకతె పుస్తకం చేతికిస్తే, కాసేపు బొమ్మ వంక చూసి, అక్కడ రాసి ఉన్నది కాకుండా తన సొంత కథ ఒకటి ఎంతో నమ్మకంగా చదివినట్టు చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ బడి హెడ్‌మాస్టరు మా చిన్నాన్న కొడుకు. ఇద్దరం ఒకే చర్చిలో, ఒకే పాటల బృందంలో పెరిగినవాళ్లం. కొన్ని నెలలకు మళ్లీ వెళితే, తమ్ముడి తరగతిలో పిల్లలు ఎక్కడా తడుముకోకుండా చదివేస్తున్నారు. పాఠం బట్టీ పట్టించాడేమోనని నేను తీసుకెళ్లిన దినపత్రికలోంచి చదివించాను, అదీ చదివారు. ఇక మెచ్చుకుని లేవబోతుండగా, రెండు జడల పిల్ల కనిపించలేదని తట్టింది. అడిగితే జ్వరమన్నాడు. ఆ పిల్ల పక్కన కూర్చునే వాళ్లేరంటే వాళ్లకూ జ్వరమేనన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలోకి చూడలేదు.

వెళ్లొస్తానని చెప్పి, రోడ్డు వైపు కాకుండా గుడిసెల వైపు నడిచాను. జ్వరమొచ్చిన పిల్లలంతా అక్కడ మట్టిలో గీతలు గీసుకుని తొక్కుడు బిళ్ల ఆడుతున్నారు. నన్ను చూడగానే రెండు జడల పిల్ల నీళ్ల డ్రమ్ము వెనక్కి నక్కింది. బట్టలు ఉతుకుతున్న తల్లిని, పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగాను.

"జరమేంది, మంచిగనే ఉన్నది గదా! ఇయ్యాల ఎవరో పెద్ద మేడం వస్తదట, సదువు రానోళ్లను ఇంట్లనే ఉండుమన్నరు. మా పిల్లతోని బడి పేరెందుకు ఖరాబు కావాలె అని మేం గూడ ఉంచుకున్నం."

ఆ పెద్ద మేడం నేనేనని ఆమెకు తెలియదు. ఆమె గొంతులో కోపమన్నా ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. బతిమాలి పిల్లలందరినీ వెంటబెట్టుకుని బడికి తిరిగి వచ్చేసరికి, తమ్ముడు వరండాలోనే నిలబడిపోయాడు.

"ఏంది తమ్మీ ఇది? ఆ పిల్లలు నీ పిల్లలు కాదా?" అన్నాను.

"నువ్వు చూసింది రాసుకో అక్కా, నేను వద్దన. గానీ చదివేటోళ్ల లెక్క తక్కువస్తే ఈ బడిని ఎత్తేసి రోడ్డవతల బడిల కలుపుతరంటున్నరు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. వీళ్లు రోజూ ఎట్ల దాటిపోతరు? ఒక్కరు గూడ పోరు."

అది నిజంగా పిల్లల ఫికరో, తన ట్రాన్స్‌ఫర్ గురించిన దిగులో నాకు అర్థం కాలేదు. నా పైఅధికారిని అడిగితే కలుపుతామనీ అనలేదు, కలపమనీ అనలేదు. మీ పని మీరు చేయండమ్మా అని చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వును కూడా నేను నమ్మలేదు. రాస్తే బడి పోతుందేమో, రాయకపోతే ఈ పిల్లలు చదవలేరన్న సంగతే లోకానికి తెలియకుండా పోతుంది. చివరకు ఉన్నది ఉన్నట్టే రాశాను. వెనకబడిన పిల్లల కోసం ఇంకో టీచరును పంపండని, బడిని మాత్రం కదపవద్దని కింద చేర్చాను.

టీచరు రాలేదు. బడినీ కదపలేదు. తమ్ముడు మాత్రం ఆ ఏడు క్రిస్మస్‌కు మా ఇంటి గడప తొక్కలేదు. కొన్నాళ్లకు, బడి వదిలాక కూడా ఆ పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తున్నాడని ఎవరో చెబితే, నాకు వినపడాలనే పుట్టించిన మాటేమో అనుకుని చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లాను. నిజమే. వరండాలో పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు జడల పిల్ల వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది, తమ్ముడు తొందరపెట్టకుండా వింటున్నాడు. గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేశాను. తోడబుట్టినట్టు పెరిగిన తమ్ముణ్ని దొంగను కనిపెట్టినట్టు కనిపెట్టడానికి వచ్చానే అని దారంతా మనసు పీకింది.

నేను రిటైరయ్యాక ఓపెన్‌కాస్టు ఇంకా ముందుకు జరిగి, ఆ గుడిసెలు లేచిపోయాయి, వాటితో పాటు బడీ పోయింది. నేను రాసిన దానికీ దీనికీ సంబంధం లేదని తమ్ముడే ఇంటికొచ్చి చెప్పాడు.

మా చిన్నప్పుడు క్వార్టర్ల వరుసలో ఒక పిల్ల బడికి పోకపోతే, గనిలో డ్యూటీ దిగి వస్తున్న ఏ కాకయ్యో, నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఏ అవ్వో ఆపి, ఎందుకు పోలేదని అడిగేవాళ్లు. చదువు రాని పిల్లలు కూడా అందరి కళ్ల ముందే ఉండేవాళ్లు. ఇప్పుడు బడుల లెక్కలు ఫోన్లలోకి వచ్చాయి, ఏ వాడ ఎంత కోలుకుందో రంగుల్లో చూపిస్తున్నారు. ఆ గుడిసెల వాళ్లలో కొందరు బెల్లంపల్లి వైపు, కొందరు ఇంకెక్కడికో పోయారట. రెండు జడల పిల్ల కుటుంబం ఎటు పోయిందో తమ్ముడికీ తెలియదు. ఆమె ఈపాటికి పై తరగతిలో ఉండాలి. ఏ ఊరి బడి లెక్కలో ఉందో, అసలు ఏదైనా లెక్కలో ఉందో లేదో, అడుగుదామంటే అడగడానికి మనిషి కనబడడు.