గాలికి జరిగిన గింజ

మా విజయరాణి అక్క ఏ ఆటైనా తొండి లేకుండా ఆడలేదు. ఇది నింద కాదు, ఆమె పక్కన పెరిగినవాడి అనుభవం. కొందరికి ఉప్పు లేకపోతే ముద్ద దిగదు, ఆమెకు తొండి లేకపోతే ఆట సాగదు. క్యారమ్స్ అయినా, పాము నిచ్చెనలైనా, చివరికి క్రిస్మస్ నాడు చర్చిలో ఆడించే కుర్చీల ఆటైనా సరే. మీరు నీళ్లు తాగడానికి తలెత్తితే చాలు, మళ్లీ దించేసరికి మీ కాయలు ఉండాల్సిన చోట ఉండవు. అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు.

"గాలికి జరిగింది."

తలుపులు మూసి ఉన్నా, ఫ్యాను ఆపి ఉన్నా, ఆకు కదలని మే నెలలోనైనా మా అక్క దగ్గరికి మాత్రం గాలి వస్తుంది. అదీ ఆమె కాయను ఎప్పుడూ ముందుకే జరుపుతుంది, వెనక్కి జరిపిన పాపాన పోలేదు.

చిన్న మంగళారంలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. ఆమె మా పెద్దమ్మ పద్మమ్మ కూతురు, నాకంటే మూడేళ్లు పెద్ద. అష్టాచెమ్మ ఆడితే నావి పల్లీలు, ఆమెవి చింతగింజలు. ఎవరికేవో ఆమే నిర్ణయించేది. ఆట సగంలో నా పల్లీ ఒకటి మాయమయ్యేది. "కాకెత్తుకపోయిందిరా క్రాంతీ" అని నాకంటే ఎక్కువ బాధపడేది. ఆమె నోరు కదలడం నేనెప్పుడూ చూడలేదు. చాలా ఏళ్లు నాకు కాకులంటే కోపంగా ఉండేది.

ఒకసారి చర్చి పిల్లలకు నిమ్మకాయ చెంచా పందెం పెట్టారు. అక్క చెంచాలో తుమ్మబంక రాసుకుంది. అందరి నిమ్మకాయలూ దొర్లిపోతుంటే ఆమె లేడిపిల్లలా ఉరికి గెలిచింది. మోషే పాస్టరుగారు స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి ఇచ్చి ఊరుకోలేదు. "విశ్వాసమంటే విజయరాణి చెంచాల నిమ్మకాయలెక్క ఉండాలె, ఎంత ఉరికినా కదలొద్దు" అని తర్వాతి ఆదివారం ప్రసంగంలో కూడా చెప్పారు. సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అక్క అంది. బంక సంగతి ఆమె పెళ్లయ్యాక నాకు చెప్పింది. ఆ చెంచా ఎటుపోయిందో మా పెద్దమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, చిన్నప్పుడు ఆమె ఒక్కసారి కూడా దొరకలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి మనిషి పెద్దయ్యాక ఏ ఉద్యోగం చెయ్యాలి? ఆటలాడే ఉద్యోగమే చేసింది. హైదరాబాద్‌లో సైకాలజీ చదివి, ఆ పైన ప్లే థెరపీలో శిక్షణ తీసుకుని, పట్నంలో పెద్ద దవాఖానలో పనిచేసి, చివరికి చేవెళ్ల వచ్చి నా జిరాక్స్ షాపు పైగదిలో బోర్డు పెట్టింది. వారంలో రెండు రోజులు స్కూటీ ముందు బొమ్మల సంచి పెట్టుకుని మొయినాబాద్ వైపు కూడా వెళుతుంది.

బోర్డు పెట్టిన మొదటి రోజే పక్కన చాయ్ హోటల్ బాల్‌రాజ్ అడిగాడు.

"అక్కా, ఆడుడుకు గూడ డాక్టరెందుకు? మా పోరలు వద్దన్నా ఆడుతనే ఉంటరు."

"నీకు మనసుల బాధైతే ఏం చేస్తవు బాల్‌రాజన్నా?"

"ఎవలకన్న చెప్పుకుంట. లేకుంటే జర పెగ్గేస్త."

"పిల్లలకు చెప్పుకునే మాటలు రావు, పెగ్గు లేదు. అందుకే బొమ్మలు."

బాల్‌రాజ్ ఆ తర్వాత ఆమెకు చక్కెర తక్కువ చాయ్ అడగకుండానే పంపడం మొదలుపెట్టాడు.

నేను పైకి కరెంటు బిల్లు ఇవ్వడానికో దేనికో వెళ్లి చూస్తుండేవాణ్ణి. ఇసుక తొట్టి, బొమ్మరిల్లు, చేతికి తొడుక్కునే బొమ్మలు, గవ్వలు. ఇంట్లో రోజూ కొట్లాటలు చూసే పిల్లవాడు బొమ్మరింట్లో అమ్మను ఒక గదిలో, నాన్నను ఒక గదిలో పెట్టి, మధ్య గుమ్మంలో చిన్న బొమ్మను అడ్డంగా పడుకోబెడతాడు. అక్క ఆ పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగదు. తర్వాత వాళ్ల అమ్మానాన్నలను పిలిచి, తలుపేసి, వాళ్లతో మాట్లాడుతుంది. లోపలికి కోపంగా వెళ్లిన నాన్న బయటికి వచ్చేటప్పుడు నా షాపు ముందు తలొంచుకుని చెప్పులు వెతుక్కుంటాడు. అప్పుడు నాకు మా అక్కను చూస్తే ఛాతీ ఉబ్బేది.

కానీ ఆ ఛాతీ ఎక్కువసేపు ఉబ్బనిచ్చేది కాదు. తొండి అక్కడ కూడా మానలేదు మహాతల్లి! మెట్ల మీంచి పిల్లలు "తొండి మేడం! తొండి మేడం!" అని అరుచుకుంటూ దిగేవాళ్లు. తల్లులు వచ్చి నా కౌంటరు ముందు నిలబడేవాళ్లు, నేనేదో ఫిర్యాదుల శాఖ అయినట్టు.

"అన్నా, మీ అక్క పాము నోట్ల వడి గూడ కిందికి దిగలేదంట!" అంది అరుణశ్రీ అనే ఒక తల్లి.

"ఎందుకు దిగలేదంట?"

"పాము ఇయ్యాల ఒక్కపొద్దంట. ఏం తినదంట!"

ఇక నా వల్ల కాక పైకి వెళ్లాను. "అక్కా, నీకు సర్టిఫికెట్ ఇచ్చినోళ్లకు నీ సంగతి తెల్సా?"

"తెల్వదు. వాళ్లతోని గూడ క్యారమ్స్ ఆడిన. గెలిచిన."

"పసిపిల్లలతోనన్న సక్కగ ఆడొచ్చు గదా?"

"సక్కగ ఆడితే వాళ్లకేం మజా ఉంటదిరా?" అని నా చేతిలోంచి కరెంటు బిల్లు లాక్కుంది. దానిలో ఉన్న తేదీ కూడా గాలికి జరిగిందని అంటుందేమోనని భయపడ్డాను.

అలాంటి రోజుల్లో కనకమామిడి నుంచి కుర్మయ్య తాత వచ్చాడు, మనవరాలు సింధుజ వేలు పట్టుకుని. గొర్రెలు కాసిన మనిషి, తెల్లటి తలపాగా, మాట మీద నిలబడే మనిషని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆయన నిజాయితీ ఎంతటిదంటే, నా షాపులో ఆధార్ జిరాక్స్ తీయిస్తే మెషిన్ పొరపాటున ఒకటి ఎక్కువ తీసింది, దాన్ని ఇవ్వడానికి బస్టాండు నుంచి వెనక్కి నడిచొచ్చాడు. "గిది నాది గాదు బిడ్డా" అన్నాడు. దాని మీద ఉన్నది ఆయన ఫోటోనే.

సింధుజ రెండో తరగతి. నానమ్మ మైసమ్మ చనిపోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల నోరు మూతపడింది. ఇంట్లో తాత చెవిలో మాత్రం గుసగుసలాడుతుంది. గడప దాటితే ఒక్క మాట లేదు. బడిలో అందరూ "మాట్లాడు, మాట్లాడు" అని వెంటపడి అలసిపోయారు. ఎండాకాలం సెలవుల్లోపు నోరు తెరవకపోతే పట్నంలో హాస్టల్ ఉన్న ప్రత్యేక బడికి తీసుకుపోండన్నారు. గండిపేటలో డ్యూటీకని పొద్దున పోయి రాత్రి వచ్చే కొడుకూ కోడలూ, ఏం చెయ్యాలో తోచక, సరే అన్నారు.

"ముసల్ది పాయె. ఇగ ఈ పిల్ల గూడ పోతే ఆ ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు ఎవలు మేడం?" అన్నాడు కుర్మయ్య, కిందికి దిగి వచ్చిన అక్కతో. మాట్లాడని పిల్ల గురించి ఆయన ఆ మాట అనడం విని నేను కౌంటరు కిందికి వంగి, లేని కాగితం కోసం వెతికాను.

అక్క ఒకటే అడిగింది. "నానమ్మతోని ఏమాడేది?"

"అష్టాచెమ్మ."

అంతే. ఆ రోజు నుంచి చాప మీద గళ్లు గీసి, గవ్వలు వేసి ఆట. అక్క ఒక్కసారి కూడా మాట్లాడమనలేదు. తొండి మాత్రం మొదటి ఆట నుంచే మొదలు. సింధుజ కళ్లు పెద్దవి చేసి చూసేది, తర్వాత తల దించుకునేది. కొన్ని వారాలకు, అక్క ఎక్కువ జరిపిన చింతగింజను సింధుజ ఒక వేలితో వెనక్కి నెట్టింది. ఆ రోజు అక్క కిందికి వచ్చి నాకు బాల్‌రాజ్ దగ్గర ఉస్మానియా బిస్కెట్లు కొనిపెట్టింది. గింజ వెనక్కి పోతే పండగ చేసుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. నాకు అర్థం కాలేదు. బిస్కెట్లు తిన్నాను.

కానీ కుర్మయ్యకు ఇది మింగుడుపడలేదు. తలుపు సందులోంచి చూశాడు. కిందికి దిగి, నా ముందు నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"బిడ్డా, చెప్పొద్దనుకున్న. మీ అక్క తొండి చేస్తున్నది."

"తెల్సు తాతా."

"తెల్సా? తెల్సి గూడ గిట్ల కూసున్నవా? పెద్దోళ్లే గిట్ల చేస్తే పిల్ల ఏం నేర్వాలె? వచ్చే శనివారం నుంచి మేం రాము."

నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి అక్క మీద పడ్డాను. ఆ ముసలాయన ముందైనా జర బుద్ధిగా ఉండమన్నాను. ఆమె గవ్వలు తుడుస్తూ అంతా విని, "ఒక్క శనివారం రమ్మను. ఈసారి తాతనే ఆటల కూసోవెడదాం. నువ్వు గూడ రా" అంది.

ఆయన వచ్చాడు. ఎవరైనా పిలిస్తే పోకుండా ఉండటం ఆయనకు చేతకాదు. చాప మీద నలుగురం కూర్చున్నాం. కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయి ఉంది. కుర్మయ్య గవ్వలను కళ్లకద్దుకుని మరీ వేస్తున్నాడు. ఆయన గింజలు ఒక్కొక్కటే పండాయి. చివరిది నడిమి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది.

అక్క గవ్వలు వేసింది. రెండు పడ్డాయి. ఆమె గింజను తీసి, ఒకటి, రెండు, మూడు అని నిదానంగా, పెళ్లికూతురు నడిచినట్టు నడిపించి, కుర్మయ్య గింజ మీద పెట్టి, "తాతా, నీది సచ్చింది" అంది.

అంత మోసం నా కళ్లతో నేనెప్పుడూ చూడలేదు. పల్లీలు పోగొట్టుకున్న నాకే రక్తం మరిగింది. కుర్మయ్య గింజను చూశాడు, గవ్వలను చూశాడు, మేడమ్‌ను చూశాడు. "పోనియ్. చదువుకున్న మేడం, ఆమెకు తెల్వదా" అని గొణిగి తన గింజను తనే తీసుకోబోయాడు.

"తొండి!"

ఎవరన్నారో ముందు నాకు తెలియలేదు. చూస్తే సింధుజ మోకాళ్ల మీద లేచి నిలబడి, తాత చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"తొండి! మా తాతది సావలే! నువ్వు రెండే ఏసినవ్, మూడు గడులు జరిపినవ్!"

"ఏమో, గాలికి జరిగింది" అంది అక్క, కనుబొమ్మ కూడా కదపకుండా.

"ఫ్యాను బందున్నది!"

"కిటికీలకెల్లి వచ్చింది."

"కిటికీ గూడ బందున్నది! నువ్వు తొండి! దినాం చేస్తవ్! మొన్న గూడ చేసినవ్!"

అక్క ఒప్పుకోలేదు. ఆ పిల్ల వదల్లేదు. గల్లీ నల్లా దగ్గర బిందెల కోసం కొట్లాడుకున్నట్టు ఇద్దరూ కొట్లాడుకున్నారు. వారాల తరబడి లోపల దాచుకున్న తొండులన్నీ ఆ పిల్ల ఒక్కొక్కటే బయటికి తీసింది. చివరికి అక్క ఓడిపోయి గింజను వెనక్కి పెట్టింది. కుర్మయ్య తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. జీవితంలో ఒక్క అబద్ధమాడని ఆ మనిషి ముందుకు వంగి, చాలా మర్యాదగా అడిగాడు.

"మేడం, జర ఇంకొక్కపారి తొండి చేస్తవా?"

వాళ్లు వెళ్లాక నేను అక్క ముందు కూర్చున్నాను. నాకప్పుడు వెలిగింది. పాస్టరుగారికి దొరకలేదు, సంఘానికి దొరకలేదు, కన్నతల్లికి దొరకలేదు. అలాంటి మనిషి ఆరేళ్ల పిల్లలకు రోజూ ఎలా దొరుకుతుంది?

"కావాల్ననే దొరుకుతున్నవు గదా?"

అక్క గవ్వలు సంచిలో వేసుకుంటూ అంది. "మన దగ్గర పిల్లలకు పెద్దోళ్లకు ఎదురు చెప్పొద్దని ఉగ్గుపాలతోని నేర్పుతం. భయమైనా చెప్పరు, ఎవలన్న కొట్టినా చెప్పరు. పెద్ద మనిషిని పట్టుకొని తొండి అన్న పిల్ల, రేపు దేన్నైనా చెప్తది. హుషారు పిల్లలకైతే జర దాచిపెట్టి చేస్త, నోరు లేని పిల్లలకైతే కండ్ల ముందల చేస్త. ఈ పిల్లకు తన కోసం కొట్లాడ రాలేదురా. తాత కోసం వస్తదని అనుకున్న."

"మరి చిన్నప్పుడు నాతోని చేసింది?"

"అది నాకోసం. పల్లీలు మంచిగుండె."

ఇంత గొప్ప తొండి మా చిన్న మంగళారంలో పుట్టిందని, నా పల్లీలు తిని పెరిగిందని నాకు ఎంత గర్వంగా ఉందో ఏం చెప్పను. ఇప్పుడు ఎవరైనా ఫిర్యాదుకు వస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీ పిల్ల నోటితో అరిచి చెప్పిందా లేదా అని నేనే ఎదురడుగుతున్నాను.

హాస్టల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సింధుజ వెంటనే వసపిట్ట కాలేదు. మొదట తాతతో రోడ్డు మీద, తర్వాత బెంచీలో పక్కపిల్లతో, ఎండాకాలం సెలవులకు ముందు టీచరుతో. టీచరుతో అన్న మొదటి మాట, బోర్డు మీద కూడిక తప్పు వేసినందుకు, "తొండి" అని. ఆ టీచరమ్మ కోపం తెచ్చుకోవాల్సింది పోయి ఏడ్చేసిందట. అమ్మానాన్న ఇప్పుడు ఆదివారాలు ఇంట్లో చాప పరిచి అష్టాచెమ్మ ఆడుతున్నారు. కుర్మయ్య తాత మాత్రం ఎంత ప్రయత్నించినా తొండి చేయలేకపోతున్నాడట, ఎక్కువ జరిపిన గింజను తనే వెనక్కి పెట్టేస్తాడట.

మొన్న శనివారం అక్క దగ్గరికి ఆశా అని కొత్త పాప వచ్చింది. అమ్మ కొంగు వదలదు, పెదవి విప్పదు. సింధుజ తాతతో ఊరికే చూడటానికి వచ్చింది. అక్క అదే గదిలో ఆశా వాళ్లమ్మతో మాట్లాడుతుంటే ఈ ఇద్దరూ ఆ పక్కనే చాప మీద కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

సింధుజ గవ్వలు వేసింది. ఒకటి పడింది. తన గింజను తీసి, ఆ పాప కళ్ల ముందే, ఒకటి, రెండు, మూడు అని నిదానంగా నడిపించింది. పెట్టి, ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూసింది. ఆశా గింజను చూసింది. సింధుజను చూసింది. మళ్లీ గింజను చూసి, మెల్లగా ఒక వేలు ముందుకు చాచింది.

"గాలికి జరిగింది" అంది సింధుజ. ఫ్యాను బందున్నది.