రూటర్‌కు జరిగిన మర్యాద

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను రామచంద్రపురం నుంచి నరసాపురం బదిలీ చేశారు. హోదా జూనియర్ టెలికాం ఆఫీసర్, వాడుకలో జేటీవో. ఈ హోదా గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పైనున్న ఇంజినీరుగారి దృష్టిలో జేటీవో అంటే స్తంభం ఎక్కాల్సినవాడు. కిందనున్న లైన్‌మన్ దృష్టిలో స్తంభం ఎక్కడం చేతకానివాడు. ఇద్దరి మాటా నిజమే. పాతికేళ్ల పైచిలుకు సర్వీసులో నేను ఒక్కసారే స్తంభం ఎక్కాను. దింపడానికి ఫైరింజన్ వచ్చింది. ఆ కథ ఇక్కడ అప్రస్తుతం.

నేను చేరిన వారానికే మా సబ్‌డివిజనల్ ఇంజినీరుగారు ఒక పని అప్పగించారు. ఊళ్లో చిన్న చిన్న వ్యాపారాలవాళ్లు ఇంటి కోసం మేమిచ్చిన రూటర్‌నే దుకాణానికీ వాడుకుంటూ, నెట్ రావడం లేదని మామీద ఫిర్యాదులు రాస్తున్నారు. ఇంటి రూటర్ ఎంతవరకు సరిపోతుంది, వ్యాపారపు రూటర్ ఎవరికి అవసరం, ఒక చోట రెండూ పెట్టి పోల్చి నివేదిక పంపమన్నారు.

రూటర్ అంటే ఏమిటో కూడా చెప్పేస్తాను. గాజు తీగలో వెలుతురుగా వచ్చేదాన్ని ఇంటర్నెట్‌గా మార్చే డబ్బా ఒకటి గోడకు ఉంటుంది. దాన్ని ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ గాలిలో పంచిపెట్టేది రూటర్. పంక్తి భోజనాల్లో వడ్డించేవాడిలాంటిది. వంట ఎంత బాగున్నా వడ్డించేవాడు ఒక్కడే అయితే చివరి విస్తరిలో పప్పు పడేసరికి మొదటి విస్తరివాడు చెయ్యి కడిగేసుకుంటాడు. ఇంటి రూటర్ అలాంటి ఒంటరి వడ్డనవాడు. పది పన్నెండు ఫోన్ల దాకా నెట్టుకొస్తాడు. వ్యాపారపు రూటర్‌లో నలుగురు వడ్డిస్తుంటారు, పైగా పెళ్లిపెద్ద ఒకడు నిలబడి, ముందు ఆ విస్తరి చూడవయ్యా అని పురమాయిస్తూ ఉంటాడు. అంటే వీడియో కాల్‌కు ముందు, సినిమాకు తర్వాత అన్నమాట. ధర కూడా నలుగురి కూలీ అంత ఉంటుంది.

పరీక్షకు నేను ఎంచుకున్నది మేరీ రత్నంగారి లేసు కంపెనీ. కంపెనీ అంటే కింద హాలు, పైన ఇల్లు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఇళ్ల దగ్గర అల్లిన లేసు శనివారం తెచ్చి ఆ హాల్లో అప్పజెబుతారు. ఆవిడ కొలిచి, ఉతికించి, గంజి పెట్టించి విదేశాలకు పంపుతారు. ఇంగ్లీషు ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆవిడ మరిది ప్రకాశంగారివి.

వాళ్ల కష్టం నేను వెళ్లిన రోజే చెప్పారు. డెన్మార్క్‌లో ఒక పెద్దమనిషి ఏళ్ల తరబడి వీళ్ల దగ్గరే సరుకు కొంటున్నాడు. ఆయన ఏటా వచ్చి, చేత్తో తడిమి చూసి ఆర్డరిచ్చేవాడు. కరోనా నుంచి ప్రయాణాలు మానేసి వీడియో కాల్‌లో చూపించమంటున్నాడు. రెండుసార్లు కాల్ మధ్యలో తెగిపోయింది. మూడోసారి కూడా సరుకు సరిగ్గా చూపించలేకపోతే మిషన్ మీద నేసిన లేసు కొనుక్కుంటానని రాసేశాడు. ఆ కాల్‌కు ఇంకా రెండు వారాలుంది. ఆర్డరు పోతే ఆ ఏడాది హాల్లో కొలవడానికి లేసు ఉండదు.

నేను ఒక్కో రూటర్‌కు ఒక్కో వారం కేటాయించాను.

మొదటి వారం మా సంస్థ ఇచ్చిన ఇంటి రూటర్. రెండు కొమ్ముల తెల్ల డబ్బా. హాలు గుమ్మం పైన మేకుకు తగిలించాం. ఐదు రోజులు చక్కగా పనిచేసింది. శనివారం ఆడవాళ్లు సరుకు తెచ్చారు. మేరీ రత్నంగారు పాస్‌వర్డ్‌ను ఎప్పుడో ప్రార్థన కూటంలో అందరికీ చెప్పేసి ఉన్నారు. హాల్లో అడుగుపెట్టగానే ప్రతి ఫోనూ దానంతటదే అతుక్కుంది, ప్రతి ఫోన్‌లోనూ ఒక సీరియల్ మొదలైంది. పరీక్ష కోసం నేను పైనుంచి ప్రకాశంగారికి వీడియో కాల్ చేస్తే ఆయన ముఖం చదరాలు చదరాలుగా విడిపోయింది. ముక్కు ఒక చోటా మీసం ఇంకో చోటా ఉన్నాయి.

"చూశారా వదినా, నే చెప్పలా, ఇది కొంపల్లోకి పనికొచ్చేదేనని" అన్నారాయన, కింద నుంచి.

"మీ ముఖం మామూలుగానే అలా ఉంటది మరిదిగారూ. డబ్బానెందుకు అనడం" అన్నారావిడ, నా పక్కనుంచి తెర చూస్తూ.

రెండో వారం వ్యాపారపు రూటర్. నాలుగు కొమ్ముల నల్లటిది. ప్రకాశంగారు విజయవాడ వెళ్లి ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. దాన్ని మేకుకు తగిలిస్తే అవమానమని, హాల్లోనే అద్దాల షోకేసులో, చర్చి వారు ఇచ్చిన వెండి కప్పు పక్కన ప్రతిష్ఠించారు. కొత్తల్లుడు దిగినట్టే ఉంది. నేను అద్దం తలుపు తీసి ఉంచమన్నాను. అలాగేనండి అన్నారు.

ఇక్కడ ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. లేసు అల్లే ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువుండదు. టీవీకి లేసు, ఫ్రిజ్జుకు లేసు, మిక్సీకి లేసు, గ్యాస్ సిలిండరుకు కుచ్చుల లంగా. నా హెల్మెట్ బల్ల మీద పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చేలోగా దానిమీద కూడా ఒక జాలరు వచ్చి కూర్చుంది. ఒక్క రూటర్ మాత్రం నేను చూసినప్పుడల్లా బోసిగా, శుభ్రంగా తుడిచి ఉండేది. యంత్రానికి గాలి కావాలని తెలిసిన మనుషులు అని లోపల మెచ్చుకున్నాను.

మా నిబంధన ప్రకారం ఇంటికి వెళ్లే ముందు వినియోగదారుకు ఫోన్ చేసి చెప్పాలి. నేను చెప్పి వెళ్లేవాణ్ణి. వేగం కొలిస్తే బ్రహ్మాండం. ఇరుగుపొరుగుల ఫోన్లన్నీ తెప్పించి కలిపినా ప్రకాశంగారి ముక్కు మీసం పైనే ఉంది. సంతకం పెట్టించుకుని బయల్దేరేవాణ్ణి. గంట తిరక్కుండా ఫోన్ వచ్చేది, పోయిందండి అని. మళ్లీ వస్తున్నానని చెప్పి వెళ్లేవాణ్ణి. నేను వెళ్లేసరికి మళ్లీ బంగారం.

నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. అడాప్టరు మార్చాను. వైరు మార్చాను. వెలుతురు ఎంత బలంగా వస్తోందో మీటరుతో కొలిచాను. లైన్‌మన్‌ను స్తంభం ఎక్కించాను, నేను కింద నిలబడి సలహాలిచ్చాను. ఏ లోపమూ దొరకలేదు. రూటర్‌లోని చిట్టా చూస్తే అది తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతోందని మాత్రం ఉంది, ఎందుకో లేదు.

కారణం మేరీ రత్నంగారు కనిపెట్టారు.

"తమరున్నంతసేపూ బుద్ధిగా ఉంటదండి. తమరి బండి వీధి మలుపు తిరిగిందంటే పడుకుంటది. హస్తవాసండి. మా చిన్నప్పుడు ఈ ఊళ్లో ఓ డాక్టరుగారుండేవారు. ఆయన నాడి పట్టుకుంటే చాలు, మందు వేసుకోకుండానే జ్వరం దిగిపోయేది. తమరిదీ ఆ చెయ్యేనండి."

సాంకేతిక విద్య చదువుకున్నవాణ్ణి, అప్పటికప్పుడే ఖండించాలి. పళ్లెంలో గారెలున్నాయి. అవయ్యాక ఖండిద్దామనుకున్నాను. ఈలోగా మాట ఊళ్లోకి వెళ్లిపోయింది.

ఆ వారం నేను ఆఫీసులో కూర్చున్నది తక్కువ. రొయ్యల వ్యాపారి ఒకాయన ధరలు మాట్లాడుకునే వేళకు నన్ను కారులో తీసుకెళ్లి రూటర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆన్‌లైన్ పాఠాలు చెప్పే మాష్టారొకరు వారం మొత్తానికి నన్ను ముందే మాట్లాడుకున్నారు. రేవులో పంటు మీద గోదావరి దాటుతుంటే, దాన్ని నడిపే సరంగు నన్ను పక్కనే నిలబెట్టుకుని, తన ఫోన్‌కు అవతలి ఒడ్డు దాకా సిగ్నల్ పోలేదని ప్రయాణికులందరికీ చూపించాడు. నేను రాలేని చోటికి ఫొటో అయినా పంపమన్నారు. పంపాను. మా ఇంజినీరుగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఏంటయ్యా, వలందర రేవు దగ్గర ఓ కొట్లో నీ ఫొటోకి దండేసి అగరొత్తులు వెలిగించారు. బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నానండి. అక్కడ నెట్ ఎలా ఉందండి?"

కొట్టువాణ్ణి అడిగి, బాగానే ఉందయ్యా అన్నారు.

కాల్ రోజు వచ్చింది. సాయంత్రం వేళ. హాల్లో ఆడవాళ్లు గోడ వారగా కూర్చున్నారు. నన్ను షోకేసు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రకాశంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ పట్టుకున్నారు. రూటర్ లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి.

అప్పుడు మేరీ రత్నంగారు షోకేసు కింది సొరుగు లాగి ఒక గుడ్డ తీశారు. లేసు గుడ్డ. నిలబడ్డానికి రెండు పొరలు వేసి, గంజి పెట్టి, నాలుగు కొమ్ములకూ నాలుగు చేతులు అల్లి ఉంది. పసిపిల్లకు చొక్కా తొడిగినంత అలవాటుగా రూటర్‌కు తొడిగేసి, అద్దం తలుపు మూసేశారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"విదేశాలాయన ముందు మెషీన్ని ఒట్టి ఒంటితో నిలబెడతామా అండి, లేసు కంపెనీ అని బోర్డెట్టుకుని? దీనికని నేనే అల్లాను."

"ఇది రోజూ ఉంటుందా?"

"ఆయ్. రోజూ ఉంటది. తమరొస్తున్నారని ఫోన్ రాగానే తీసేసి, తలుపు తీసి, తుడిచి పెడతామండి. ఆఫీసరుగారు చూడ్డానికొస్తే మూసిపెట్టి చూపిస్తామా, మర్యాద కాదు కదండీ."

నా పాతికేళ్ల సర్వీసు నా కళ్ల ముందు తిరిగింది. కరెక్టుగా ఆ క్షణానే లాప్‌టాప్ మోగింది.

నేను లేవబోయాను. మేరీ రత్నంగారు భుజం మీద చెయ్యి వేసి నొక్కేశారు. తమరు కదలకండి, కదిలితే పోద్ది అన్నారు చెవిలో. గుడ్డ తీయండి అన్నాను. అయ్యాక తీద్దాం, కాఫీ కూడా వస్తది అన్నారు. నేను ప్రకాశంగారికి చేతులతో సైగ చేశాను. ఆయన దీవిస్తున్నాననుకుని తల వంచి నమస్కారం పెట్టారు.

మే నెల ఎండ, మూసిన అద్దాలు, రెండు పొరల నూలు. అయినా చెప్పుకోదగినంతసేపే లాగింది పాపం. ప్రకాశంగారు బల్ల గుడ్డలు చూపించారు, దిండు గలీబులు చూపించారు. డెన్మార్క్ ఆయన అన్నిటికీ ముఖం చిట్లిస్తూ, అల్లిక కనబడ్డం లేదంటున్నాడు. ఇల్లంతా చూపిద్దామని ప్రకాశంగారు లాప్‌టాప్‌ను షోకేసు వైపు తిప్పారు. సరిగ్గా అప్పుడే రూటర్ లైట్లు ఆరిపోయాయి. తెరమీద డెన్మార్క్ ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

మేరీ రత్నంగారి చెయ్యి నా భుజం మీంచి మెల్లగా లేచింది. హాల్లో ఉన్నవాళ్లందరూ నన్ను చూశారు. డాక్టరుగారు కుర్చీలో ఉండగానే రోగి పోతే చూసే చూపది.

అద్దం తీసి చెయ్యి పెట్టాను. పిండి కలిపి ఉంటే పెసరట్టు పోసుకోవచ్చు. గుడ్డ ఊడదీసి, అక్కడున్న తాటాకు విసనకర్రతో విసరమని ఒకావిడకు అప్పజెప్పాను. అది చల్లారి లేచేదాకా ఆగితే ఆర్డరు ఆగదు. ఇంకా మేకుకే వేలాడుతున్న ఇంటి రూటర్‌కు వైరు మార్చి, లాప్‌టాప్‌ను దానికి కలిపాను. దానికి హాలంతటినీ మోసే ఓపిక లేదు కాబట్టి ఫోన్లు ఆపించమన్నాను.

"ఫోన్లన్నీ కట్టెయ్యండమ్మా" అన్నారు మేరీ రత్నంగారు. "ఎవత్తి ఫోన్‌లో సీరియల్ వినబడినా దాని లేసు ఈ జన్మలో కొలవను."

ఒక్క వడ్డనవాడు, ఒక్క విస్తరి. కాల్ కలిసింది.

డెన్మార్క్ ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. తెరకు ముఖం ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పిందాన్ని ప్రకాశంగారు మాకు తెలుగులో చెప్పారు. మొదటి నుంచీ సరుకు కన్నా ప్రకాశంగారి చేతి వణుకే ఎక్కువ కనబడిందట. ఇందాక బొమ్మ కదలకుండా నిలబడిపోయినప్పుడు మాత్రం అల్లిక కళ్ల నిండా చూశాడట. ముడి ముడికీ లెక్క పెట్టుకున్నాడట. ఆ అల్లికలోనే బల్ల గుడ్డలు కావాలన్నాడు. ఆగిపోయిన బొమ్మలో ఉన్నది రూటర్ తొడుగు.

ఇంకో సందేహం కూడా అడిగాడు. నాలుగు కాళ్లతో వెల్లకిలా ఉన్న ఆ చొక్కా పిల్లికా, చిన్న కుక్కకా అని.

ప్రకాశంగారు బిక్కముఖం వేసి వదినగారి వైపు చూశారు.

"దేనికి కావాలంటే దానికని చెప్పండి" అన్నారావిడ. "కొలతలు పంపమనండి."

పంపాడు. బల్ల గుడ్డలతో పాటు పిల్లి చొక్కాలు కూడా ఆ ఏడాదే ఓడెక్కాయి. పిల్లి వేడెక్కినా ఆగిపోయి మళ్లీ మొదలవదు కాబట్టి ఆ సరుకు మీద ఇంతవరకు ఫిర్యాదు లేదు.

నా హస్తవాసి మాత్రం ఆ సాయంత్రంతో సరి. రొయ్యలాయన కారు మళ్లీ రాలేదు. రేవు దగ్గర కొట్లో నా ఫొటో తీసేసి క్యాలెండరు పెట్టారు. అక్కడ నెట్ ఎప్పటిలాగే ఉందని విన్నాను.

నివేదిక రాశాను. ఇంట్లో నలుగురైదుగురు ఉండి, పది పన్నెండు ఫోన్లు మించకపోతే సంస్థ ఇచ్చే రూటర్ చాలు. జనం వచ్చిపోయే హాలు, కొట్టు, ట్యూషను ఉంటే వ్యాపారపు రూటర్ కొనుక్కోవాలి. దానికి పని ఎక్కువ, కాబట్టి వేడీ ఎక్కువ. రెంటినీ పోల్చేటప్పుడు డబ్బా మీద రాసిన వేగం తర్వాత చూడవచ్చు, ఎక్కడ పెడతారో, మీద ఏం కప్పుతారో ముందు అడగాలి. ఇంజినీరుగారు పక్కన ఎర్ర సిరాతో, లేసు గుడ్డలు కప్పరాదు, అని రాసి పైకి పంపారు. పైవాళ్లు ఆ ఒక్క వాక్యాన్నే రాష్ట్రమంతటికీ సర్క్యులర్ చేశారని, రాయలసీమలో దాన్ని చదివిన జేటీవోలు చాలా రోజులు ఆలోచించారని చెప్పుకుంటారు.

నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా ఇంకో పద్ధతి కూడా పాటించాను. ఇది నివేదికలో రాయలేదు, రాస్తే నిబంధన ఉల్లంఘన అవుతుంది. ముందు ఫోన్ చేయడం మానేశాను. మన డెల్టాలో వస్తున్నానని చెప్పి వెళ్తే మనకు కనబడేది వాళ్లు మనకోసం సర్ది ఉంచిన రూటర్. చెడేది ఇంకోటి. చెప్పకుండా వెళ్తే గారెలు ఉండవు, లోపం దొరుకుతుంది.