ఏడో పూట

వాన నీళ్ళు దిగాక నాటకాల గది తలుపు తీశాను. తడిసిన తెర వాసన ముందు తగిలింది. దాని వెనక ముఖానికి రాసుకునే తెల్లపొడి వాసన. గడపలోనే కూర్చుని పోయినవన్నీ కాగితం మీద వేశాను. ట్రంకు పెట్టెలు రెండు, కుర్తాలు పదకొండు, చీరలు ఆరు, నాటకాలు రాసిన నోటు పుస్తకాలు నాలుగు, డోలక్కు ఒకటి. మొత్తం ఇరవై నాలుగు. పైడమ్మ పిన్నిని కలపలేదు. ఆమె ఈ వానకి రెండేళ్ళ ముందే పోయింది.

పిన్ని మాకు చుట్టం కాదు. బెంగాల్లో, టికియాపారా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటామె, శ్రీకాకుళం వైపు మనిషి. పగలు ఆస్పత్రిలో ఆయా. సాయంత్రాలు భవానీపూర్‌లో ఒక బెంగాలీ నాటక బృందానికి పదేళ్ళపాటు బట్టలు ఇస్త్రీ చేసింది. తెర పక్కన నిలబడి చూసి చూసి నాటకం కట్టడం నేర్చుకుంది. నేను ఎనిమిదితో చదువు ఆపేసి, గూడ్స్ యార్డులో వేగన్లు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. మా ఇద్దరికీ పడడానికి అదొక కారణం కావచ్చు.

మా సందు వెడల్పు ఇరవై ఆరు అడుగులు. కొలిచాను. ఈ వైపు మేము, ఆ వైపు ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు. ఒక ఊరేగింపు రోజు రాళ్ళు పడ్డాయి, రెండు వైపుల నుంచీ. మా నాన్న ఎడమ కన్ను పోయింది. ఎదురింటి యూసుఫ్ చాచా దర్జీ కొట్టు కాలిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆ అడుగులు ఎవరూ దాటలేదు. కుళాయి నీళ్ళు కూడా వాళ్ళకి పొద్దున, మాకు సాయంత్రం.

తొమ్మిదేళ్ళ తర్వాత పిన్ని రెండు వైపుల నుంచీ మనుషుల్ని పోగేసి, ఆ రాళ్ళ రోజునే నాటకంగా కట్టింది. ఈ వైపు వాళ్ళు ఆ వైపు వాళ్ళ వేషాలు వెయ్యాలి, ఆ వైపు వాళ్ళు మా వేషాలు. నాకు యూసుఫ్ చాచా వేషం వచ్చింది. అలా కూడిన తన బృందానికి ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరి వేషం వేస్తే వాళ్ళింట్లో, వాళ్ళ పక్కన కూర్చుని, ఏడు పూటలు తినాలి.

"నాటకానికీ తిండికీ ఏటి సంబంధం పిన్నీ?" అన్నాను.

"మాటలు ఎవుడైనా బట్టీ పడతాడు. ఆ మనిసి ముద్ద ఎలా కలుపుతాడో తెల్దనుకో, నువ్వేసేది ఆడి వేసం కాదు, ఆడి మీద నీ కోపం."

"అయితే ఏడే ఎందుకు?"

"మొదటి మూడు పూటలూ మర్యాద. తరవాత రెండూ మొగమాటం. ఆరో పూట నుంచి మనుసులు. లెక్కలోడివి కదా, కలుపుకో."

మొదటి పూట చాచా ఇంట్లో నేను విన్నవి రెండే. ఫ్యాను చప్పుడు, కంచాల చప్పుడు. రెండో పూట నేను చూసిందల్లా చాచా చెయ్యి. మంటల్లో ఆయన కుడిచేతి రెండు వేళ్ళు కాలి వంగకుండా అయిపోయాయి. మూడు వేళ్ళతోనే ముద్ద చేసేవాడు. నాలుగో పూట, తల ఎత్తకుండానే, "మీ నాన్నకి ఆ కన్ను ఇప్పటికీ సలుపుతుందా?" అని అడిగాడు. "చలికాలంలో" అన్నాను. ఆరో పూట నేను సగం అన్నం వదిలేస్తే చాచీ ఊరుకోలేదు. "ఇలా పారబోస్తావా? ఉండు, మీ అమ్మకి చెబుతా" అంది. ఆమె మా అమ్మతో మాట్లాడి అప్పటికి తొమ్మిదేళ్ళు.

చెయ్యి కడుక్కుంటుంటే చాచా పక్కకొచ్చి నిలబడ్డాడు. "రేపు ఏడోది కదా బేటా. తిన్నాక ఒక మాట చెబుతాను. ఆ రోజు కొట్టు తగలబడుతున్నప్పుడు మీ నాన్నని చూశాను."

ఆ రోజు గడప దిగలేదని, రాయి గుమ్మంలోనే తగిలిందని నాన్న మాకు ఎప్పుడూ చెప్పేవాడు. ఇంటికి వచ్చేసరికి మంచం మీద కూర్చుని, ఉన్న ఒక్క కన్నుతో పేపరు చదువుకుంటున్నాడు. మర్నాడు చాచా ఇంటికి వెళ్ళలేదు. పిన్నికి మాత్రం "ఏడూ అయ్యాయి" అని చెప్పాను.

నాటకం సందులోనే, జనం కూర్చోడానికి రెండు వైపులా పట్టాలు పరిచి ఆడాం. మొదలైనప్పుడు ఎవరి పట్టా మీద వాళ్ళే. చివర్లో చూస్తే యాభై ఎనిమిది మంది తమ వైపు కాని పట్టా మీద ఉన్నారు. జనానికి నచ్చింది. నేను మూడు వేళ్ళతో ముద్ద కలిపినప్పుడు ఆ వైపు నుంచి చాచీ ఏడుపు వినబడింది. రంగు కడుక్కుంటుంటే పిన్ని వచ్చింది.

"ఆరే తిన్నావు."

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాల? ఆటలో కొట్టు కాల్తన్నప్పుడు చాచా ఎవుర్నో సూస్తాడు. నువ్వు నేల సూసినావు." తువ్వాలు నా చేతిలో పెట్టింది. "లెక్క తప్పేవోడివి కాదు నువ్వు. ఎల్లు, ఆ ఇల్లేటి పరిగెడతాదా?"

నాకు మళ్ళీ వేషం ఇవ్వలేదు. కోపంతో కాదు. ఎవరు ఏ పట్టా మీద కూర్చున్నారో లెక్కపెట్టే పని ఇచ్చింది. ఊళ్ళో ఎన్నో సందుల్లో ఆడాం, అన్ని చోట్లా లెక్కపెట్టాను. ఆ తర్వాత ఎక్కడా, యార్డులో కూడా, తెలిసి ఒక్క తప్పు అంకె చెప్పలేదు. నాన్న పోయినప్పుడు చాచా మా గడప దాకా వచ్చి, పాడె వెనక చివరి వరకూ నడిచాడు. ఆ మాట మాత్రం ఎత్తలేదు. పిన్నిని ఆస్పత్రిలో ఆఖరుసారి చూసినప్పుడు, కళ్ళు తెరవకుండానే, "ఎన్నయినాయిరా?" అంది.

"ఆరే పిన్నీ."

"మరి ఇక్కడేటి సేస్తన్నావు?" అంది.

చాచా ఇంకా ఉన్నాడు. మిషను తొక్కలేడు గానీ కొత్త కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పండక్కి చాచీ సేమియా పంపుతుంది. మా ఇంట్లో తిన్నది లెక్కలోకి రాదు. ఆయన చెప్పేది నాన్న నిప్పు పెట్టాడని కావచ్చు, ఆర్పడానికి వెళ్ళాడని కావచ్చు. రెండిట్లో ఏదైనా, నాన్న మాకు చెప్పింది నిజం కాదు. తలుపు మూసి బయటికి వస్తే, బురద మీద ఇటుకలు పేర్చి చాచా వాళ్ళ గడప దాకా దారి వేసి ఉంది. ఇరవై ఆరు అడుగులు. తిన్నవి ఆరు, చెప్పినవి ఏడు. బాకీ ఒక పూట.