జయరత్నం డ్రమ్ము

మదనపల్లెలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి. అందులో పిల్లల వార్డు అటెండరు జయరత్నం. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఒక నీలం డ్రమ్ము. వార్డు గుమ్మం పక్కన గాజుతొట్టిలో ఏడు బంగారు చేపలు ఉండేవి. సూదిని చూసి గుక్కపట్టే పిల్లల్ని ఆయన ఎత్తుకుపోయి వాటి ముందు నిలబెట్టి, "లెక్కపెట్టు నాయనా" అనేవాడు. ఏడు అనేలోపు సిస్టరు తన పని కానిచ్చేసేది.

ఆసుపత్రి సంపులో బ్లీచింగు దండిగా కలుపుతారు. అందుకే ఆ నీళ్లను డ్రమ్ములో పట్టి, దోమ దూరకుండా పాత దోమతెర కట్టి, రెండు రోజులు ఎండకు పెట్టేవాడు. వాసన పోయాక చేపల తొట్టిలో వారానికి రెండు బిందెలు మాత్రం మార్చేవాడు. ఈ సంగతి వార్డులో అందరికీ తెలుసు. తెలియనిది మేనేజరు ఎడ్విన్ ఒక్కడికే. అడిగితే కదా తెలిసేది!

జయరత్నం మేనకోడలి పెళ్లికి కుప్పం పోయిన శుక్రవారమే దోమల తనిఖీ వచ్చింది. నిలవ నీళ్లు కనిపించకూడదని ఎడ్విన్ డ్రమ్మును బోర్లా వేయించాడు. అక్కడితో ఆగాడా? చేపల తొట్టి మొత్తం తోడించి, గాజు తళతళలాడేలా కడిగించి, సంపు నీళ్లు అంచుదాకా నింపించాడు. తనిఖీవాళ్లు మెచ్చుకుని వెళ్లారు.

శనివారం పొద్దున జయరత్నం వచ్చేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి. రెండు వెల్లకిలా పడ్డాయి. గుమ్మంలో ఎదురైన మేనేజరును చూడగానే ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఏం పోసినారు సార్ దీంట్లో?"

"మంచినీళ్లేనయ్యా! ఇన్నాళ్లూ పాచినీళ్లలో ఉంచింది నువ్వు. రోగం అప్పుడే పట్టుంటుంది. జవాబు రాసిమ్మని మెమో ఇస్తున్నా."

"రాసిస్తా సార్. ముందు వీటిని బతికించుకోనీండి."

బ్లీచింగు లేని నీళ్లు ఎక్కడివి? తనిఖీ పుణ్యమా అని కాంపౌండులో ఒక్క బిందె నిలవ లేదు. నాలుగు రోజులుగా వార్డులో ఉన్న హర్షితకు తోడుగా వచ్చిన అవ్వ చౌడమ్మ లేచింది.

"యాల అట్ల నిలబడినావప్పా? పుంగనూరు దావలోనే మా ఊరు. నిన్న పట్టిన బోరునీళ్లు గొడ్ల తొట్టి నిండా ఉండాయి. పోదాం పా."

ఆటోలో రెండు క్యాన్లు తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ నీళ్లలో నాలుగు చేపలు తేరుకున్నాయి. మూడింటిని జయరత్నం గులాబీ పాదులో పూడ్చి, అక్కడే కూర్చుని ఏడ్చాడు.

మేనేజరు అటుగా వచ్చి భుజం తట్టాడు. "చేపలకు ఇంత రాద్ధాంతమా? సాయంత్రానికి మూడు తెప్పిస్తాలే. ఎవరికీ తెలీదు."

తెలీదట! రోజూ వాటిని లెక్కపెట్టే పిల్లలు ఈయన కంటికి మనుషులే కారు కాబోలు.

అంతలో హర్షితకు సూది వేళయింది. తొట్టి ముందు నిలబడి నాలుగు దాకా లెక్కపెట్టి ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"తాతా, ఇంగా మూడు యాడ?"

జయరత్నం ఆ పిల్లను ఎత్తుకుని నేరుగా మేనేజరు గదిలోకి నడిచాడు. మెమో కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"నా జవాబు తర్వాత రాసిస్తా సార్. ముందు ఈ పాపకు మీరు జవాబు చెప్పండి."

హర్షిత అడిగింది. నిన్న తనిఖీవాళ్లకు గుక్క తిప్పుకోకుండా జవాబులు చెప్పిన ఎడ్విన్, బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు.

వినపడలేదేమోనని ఆ పిల్ల ఇంకొంచెం గట్టిగా అడిగింది.