ముక్కు చీదని మూడు రోజులు

ఆ రోజుల్లో ‘తెలియదు’ అనే మాట నా నోట్లోంచి పన్ను కంటే కష్టంగా ఊడేది. పుట్టింది కర్ణాటకలో బీదర్ దగ్గరి చిట్‌గుప్పలోనే అయినా, జహీరాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి తెలుగులో చదువుకున్నాను. అందుచేత నా కన్నడం బస్సు బోర్డుల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. అయినా బీదర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు ఉద్యోగానికి వెళ్లినప్పుడు, కన్నడం వచ్చా అని హెడ్మాస్టరు గారు అడిగితే "ఛలో బర్తదరి సర్" (బాగా వస్తుందండి) అనేశాను. బస్సులో బట్టీపట్టిన వాక్యం అది. ఆ తర్వాత ఆయన ఏమడిగినా "హౌదు సర్" (అవునండి) అన్నాను. సోమవారం వచ్చి చేరమన్నారు. అమ్మ కుట్టుమిషను మీదే ఇల్లు గడుస్తున్న కాలం. ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఆ సాయంత్రమే అకల్ దాడ్ (జ్ఞానదంతానికి మా వైపు పేరు) వాచింది. "దాన్ని పీకితే అకల్ పోదు గద బిడ్డా?" అని అమ్మ నిజంగానే భయపడింది. మర్నాడు, శుక్రవారం, ఇద్దరం బీదర్ వెళ్లాం. బడి గేటు పక్కన బోర్డు చూసి లోపలికి పోతే, ఆ పళ్ల డాక్టరమ్మ హెడ్మాస్టరు గారి భార్య అని తేలింది. అప్పటికే నా నోరు సగం తిమ్మిరెక్కింది. పన్ను పీకి, దూది పెట్టి, అమ్మ బయట ఉండగా ఆమె నాతో "నాళె తనక ముక్కళిసబేడి" అంది. నాళె తనక అంటే రేపటిదాకా. బేడి అంటే వద్దు. ముక్కు మనదే. మిగిలిన ముక్కను నేనే సర్దుకున్నాను: ముక్కు చీదవద్దు. అడిగితే నా కన్నడం సంగతి ఇంటాయనకు చేరుతుందని "హౌదు మేడం" అన్నాను.

నాకప్పుడు బాగా జలుబు. డాక్టరమ్మ రేపటిదాకా అంటే, నేను మంచికని ఆదివారం దాకా పొడిగించాను. "చీదుకో బిడ్డా, చూడలేకపోతున్న" అని అమ్మ బతిమాలినా వినలేదు. ముక్కు కారినంత కారింది, తుడుచుకోవడమే కానీ చీదింది లేదు. నోటి సంగతి మాత్రం అమ్మ చూసుకుంది. గంటగంటకూ గోరువెచ్చని ఉప్పునీళ్లు ఇచ్చేది. నేను బుగ్గల నిండా పట్టి, గలగలా పుక్కిలించి, గోడ దాకా ఉమ్మేదాన్ని.

ఆదివారం పొద్దున చర్చిలో కూర్చుంటే నొప్పి చెవిలోకి పాకింది. పాస్టరు గారు ప్రార్థన ముగించకముందే నేను ఆమెన్ అని లేచిపోయాను. అమ్మా నేనూ బీదర్ పోయి, డాక్టరమ్మను బతిమాలి ఆసుపత్రి తెరిపించాం. ఆమె లోపల చూసి, గుంతకు మూతలా ఉండాల్సిన నెత్తుటి గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందని చెప్పి, "ముక్కళిసిదిరా?" అంది.

"ఇల్ల మేడం! సర్ది ఇద్దరూ ముక్కళిసిల్ల" (జలుబున్నా సరే, చేయలేదు) అన్నాను గర్వంగా, ముక్కు చూపిస్తూ.

ఆమె నా ముక్కును కొంతసేపు చూసింది. "ముక్కళిసు అంటే కుల్లీ చేసుడమ్మా, కుల్లీ! పుక్కిలించుడు!"

"అది మస్తు చేసింది మేడం," అంది అమ్మ. "గంటగంటకు నేనే చేపిచ్చిన."

డాక్టరమ్మ నవ్వలేదు. గుంత కడిగి, లవంగం వాసన కొట్టే మందు పెట్టింది. కాసేపటికే నొప్పి సగం దిగింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. "సార్‌కు చెప్పకండి మేడం, నౌకరీ పోతది" అన్నాను. చెప్పనంది.

సోమవారం వాచిన బుగ్గతో పోయి నిలబడ్డాను. హెడ్మాస్టరు గారు తల ఎత్తకుండానే, రోజూ మూడో తరగతిలో కన్నడం పీరియడుకు కూర్చోమన్నారు. "మేడం చెప్పిన్రా సర్?" అన్నాను. "ఏం చెప్పాలె? ఎప్పుడొచ్చి చేరతవని అడిగితే హౌదు అంటివి. ఏ ఊరంటే హౌదు అంటివి. నాకు గురువారమే ఎరుక. తెలుగు తల్లిదండ్రులతోని మాట్లాడేటందుకు మనిషి కావాలని తీసుకున్న" అన్నారు.

అంటే ఆ మూడు రోజులు నేను ముక్కు బిగబట్టింది ఎవరికీ అక్కర్లేని రహస్యం కోసం. ఇప్పుడు ఆ బడి నోటీసులన్నీ కన్నడంలో నేనే రాస్తాను. అప్పుడప్పుడూ వాచిన బుగ్గతో, కారే ముక్కుతో అన్నిటికీ హౌదు అనే ఆ అమ్మాయి గుర్తొస్తుంది. జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. ఎదురుపడితే చేతిలో ఒక రుమాలు పెట్టి, ముందు చీదుకోమ్మా అందును.